బెత్తెడు ఉన్ని

త్రెలేవులో, చుబూత్ నది పక్క పరీక్షశాలలో
నా యంత్రం ఉన్నిపాయను రెండు చివర్లూ పట్టి లాగుతుంది.
బెత్తెడు ఉన్ని అంటే గొర్రెకు ఒక ఏడాది.
కొన, నిరుటి కత్తిరింపు.
మొదలు, మొన్నటిది.

తెగింది.
ఎన్ని పాయలు లాగినా అక్కడే,
కొననుంచి మూడు వేళ్ల దూరంలో.

"జూలైలో ఏమైంది?" అన్నాను.

ఎలెయుతేరియో అంతిపాన్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.
కంచె మునిగేదాకా మంచు పడిందనీ
ఆ వారమంతా తను ఆసుపత్రి బెంచీ మీదే ఉన్నాననీ
ఎవరికీ చెప్పలేదట.
మేత లేని రోజుల్లో వెంట్రుక సన్నబడుతుంది.
గొర్రెకు దాచుకోవడం రాదు.

ధర తగ్గించి రాశాను. తప్పదు.

"మరి ఈ ముక్కలు?"

దువ్వెనకు నిలవవు, కోటుగుడ్డకు పనికిరావు.
ఏకే యంత్రానికి పోతాయి.
పొట్టివన్నీ అక్కడ అడ్డదిడ్డంగా ఒకదానిమీదొకటి పడి
పొలుసుతో పొలుసు పట్టుకుంటాయి.
పురి ఎక్కాక
లాగినకొద్దీ బిగుస్తాయి.
"దుప్పటి అవుతాయి" అన్నాను.

"బరువుంటుందా?"
మోకాలి మీద అరచేయి పరిచి
ఏదో కొలుస్తున్నాడు.
"ఆసుపత్రివి మరీ పల్చన."