పదమూడో గడి

నేను డాక్టర్ని కాను.
పుంతా అరేనాస్‌లో, ఎగువ పేట ఆసుపత్రిలో
కాగితాలు కుట్టి అరల్లో సర్దేదాన్ని.
ఇక్కడ జూన్‌లో పదింటికి గానీ తెల్లవారదు.
గాలికి మనుషులు తూలిపోకుండా
వీధి మూలల్లో తాళ్లు కడతారు, పట్టుకు నడవమని.

పన్నెండేళ్ల కిందట రాజధాని నుంచి వచ్చారు.
ఆరు నెలలు మమ్మల్ని నడిపించారు, మాట్లాడించారు, కొలిచారు.
నిద్ర పట్టనివాళ్లకి పట్టింది.
మంచం దిగనివాళ్లు దిగారు.
రుజువైందన్నారు, చప్పట్లు కొట్టాం.
పచ్చ చొక్కాలు పంచి విమానం ఎక్కారు.
రుజువు నా బీరువాలో మూడో అర ఎక్కింది.
ఆ తర్వాత హాయిగా నిద్రపోయింది అదొక్కటే.

ఎవరూ చెడ్డవాళ్లు కారు.
డాక్టరుకి మనిషికి పదకొండు నిమిషాలు,
అందులో నాలుగు కంప్యూటర్ మింగేస్తుంది.
నడకకి ముందు కూడే హాలు ఉంది,
తాళంచెవి మునిసిపాలిటీలో ఉంది.
మునిసిపాలిటీలో ఉన్నాయన మధ్యాహ్నం ఉండడు.

ఎవరిస్తో బారియా నెలనెలా వచ్చేవాడు,
నలభై ఏళ్లు గొర్రెల ఉన్ని కత్తిరించిన చేతులు
టోపీని తిప్పుతూ తిప్పుతూ.
బరువు రాశాం. చక్కెర రాశాం. కాళ్ల వాపు రాశాం.
పన్నెండు గడులూ నిండేవి.
భార్య పోయాక ఆయన
వంటింటి కుర్చీలోనే తెల్లవార్లూ కూచుంటున్నాడని
రాయడానికి చోటు లేదు.
అడగని ప్రశ్నకి
ఎవరు మాత్రం బదులిస్తారు?

యస్నా కొత్త నర్సు, జలసంధికి అవతలి పిల్ల.
ఒకరోజు ఆ ఫైలు మీద కాఫీ ఒలకబోసింది.
ఒక్కో పేజీ హీటరు మీద ఆరబెడుతూ
పనిలో పనిగా చదివేసింది.
"ఇది పనిచేస్తుందని తెలిసే
ఇక్కడ పెట్టారా?" అంది.
తాగుతున్న మాతే నాకు మింగుడు పడలేదు.

డబ్బు అడగలేదు, సభ పెట్టలేదు.
స్కేలు పెట్టి, పన్నెండో గడి కింద
ఇంకో గడి గీసింది:
ఈ రెండు వారాల్లో పొద్దున్నే లేవాలనిపించిందా?
గీత కాస్త వంకర. అలాగే జిరాక్సు తీశాను.
తాళంచెవి కోసం ఊడ్చే నోల్ఫా నాలుగుసార్లు తిరిగి,
అయిదోసారి మేనబావ చేత దొంగచెవి చేయించింది.
అది ఎక్కడా రాయలేదు నేను.

మంగళవారం పదకొండింటికి మొదటి నడక.
వచ్చింది ముగ్గురు, అందులో ఇద్దరం మేమే.
"తోలుకుపోవడానికి నేనేమన్నా గొర్రెనా?"
అన్నాడు ఎవరిస్తో. తీరా బయల్దేరాక
తనే ముందు నడిచాడు.

మహిమ ఏమీ జరగలేదు.
రెండు వారాలు వచ్చి మూడు వారాలు ఎగ్గొట్టేవాడు.
ఎప్పుడో చలి ముదిరాక, మూల మలుపులో
తాడు పట్టుకునే నిలబడి ఏడ్చాడు.
ఎవరం ఏమీ అనలేదు.
నోల్ఫా మాత్రం జరిగి
గాలికి అడ్డంగా నిలబడింది.

అందరికీ నయం కాలేదు, అబద్ధం ఎందుకు.
ఒకామె మానేసింది. ఇంకొకాయన
మా ముఖం చూస్తే ఎదుటి పేవ్‌మెంటు ఎక్కేస్తాడు.

ఈ ఏడు యస్నా కాన్పుకి వెళ్లింది.
ఇంకేముంది, మళ్లీ మూడో అరే అనుకున్నాను.
మంగళవారం, పేరైనా తెలియని బదిలీ నర్సు
తలెత్తకుండా, బరువెంతని అడిగినంత పొడిగా
పదమూడో గడి అడుగుతోంది ఎవరినో.
ఆ పొడిగొంతు విని
స్టేప్లరు వేలికి గుచ్చుకున్నాను.
చప్పట్లు లేవు, పచ్చ చొక్కాలు లేవు.
పని అంటే ఇలాగే ఉంటుంది కాబోలు.

నెలాఖర్న మాత్రల కోసం
నేనూ వరసలో కూచున్నాను.
బరువు చెప్పాను. వయసు చెప్పాను.
పన్నెండూ గబగబా చెప్పేశాను.
ఆ తర్వాత, నేనే కాపీలు తీసిన
ఆ వంకర గీత దగ్గర
నోరు పెగల్లేదు.

బయట గాలి తాళ్లని ఊపుతోంది.
ఆమె తలెత్తింది. కలం ఇంకా
కాగితానికి ఆనించలేదు.