నూలు ఏసినంక

కొత్తవాడల, రంగు కాగు ముందు
రాజమౌళి కాక ఇటుక మీద కూసున్నడు.
నేను నేల మీద. ఒళ్ళె ఆర్డుయినో బోర్డు,
హన్మకొండ చౌరస్తాల బేరమాడి తెచ్చింది.
స్టీలు గొట్టంల దాచిన సెన్సరు
కాగులకు జారవిడిచిన, ఎర లేని గాలం.

"ఎనభై అయిదు డిగ్రీలు కావాలె" అన్న.
"నాకు అంకె తెల్వది" అన్నడు కాక.
"కాగు మూలిగి మూలిగి
మూలుగుడు ఆపంగనే రంగేస్త.
మా నాయిన గట్లనే ఏసిండు."

మిషిన్ తనంతల తానే నేర్చుకుంటదని చెప్పిన.
నేర్చుకునుడంటే గింతే:
రిలే టక్కుమంటది, హీటరు నిండా మండుతది,
నీళ్ళు ఎనభై అయిదు దాటి తొంభైకి ఉరుకుతయి.
మళ్ళ టక్కు. మొత్తం బందు.
డెబ్బై తొమ్మిది దాకా జారనిచ్చి
మళ్ళ టక్కు.
కావాలనే తప్పుతది.
అటెంత పోయింది, ఇటెంత పోయింది,
తిరిగొచ్చేటందుకు ఎన్ని నిమిషాలు పట్టింది,
మతిల పెట్టుకుంటది.

కాక రెండోసారి చాయ తాగుకుంట చూసిండు.
"తాగినోడు ఇంటికి పోతున్నట్టున్నది,
ఈ గోడకు తాకి, ఆ గోడకు తాకి
తొవ్వ నేర్చుకుంటాంది."

మూడో ఊగుకు కరెంటు పోయింది.
గంటన్నర సేపు
ఎరుపు రంగు వాసన, దోమలు, మేమిద్దరం.
వచ్చినంక మళ్ళ మొదటి నుంచి.

పొద్దుగూకినంక మూడంకెలు తేలినయి.
ఇప్పుడెంత తక్కువున్నదో ఒకటి చూస్తది.
ఇంతసేపు పేరుకున్న బాకీ ఇంకోటి మోస్తది.
మూడోది ఉరుకుడు పసిగట్టి
ముందుగాల్నే కళ్ళెం గుంజుతది.
"మా సొసైటీ సెక్రటరీకి గీ మూడోది లేకపాయె" అన్నడు కాక.

తెర మీద ఎనభై అయిదు.
పావుగంట. పాయింటు కూడ కదలలే.
నేను ఫోటో తీసుకున్న.

కాక లేచిండు.
నానబెట్టిన నూలు, పది చిలపలు,
కట్టెకు ఏలాడేసి కాగుల దించిండు.
ఎనభై అయిదు కాస్త డెబ్బై ఒకటి.
మిషిన్ బెదిరింది.
ఉరికింది, దాటింది, ఎనక్కొచ్చింది, మళ్ళ ఉరికింది.
బయటికి తీస్తే
ఒక కాడ చిక్కటి ఎరుపు, ఒక కాడ కడిగిన పుండు రంగు.

నాకు నోట మాట లేదు.
కాక తిట్టలే. చిలపను పిండుకుంటనే అన్నడు:
"ఉత్త నీళ్ళకు నేర్పితివి బిడ్డా.
ఉత్త నీళ్ళు ఎవలన్న మరిగిస్తరు.
బరువేసి నేర్పు."

తెల్లారి చెడిన చిలపలనే కాగులేసి
మళ్ళ ఊపుడు వెట్టినం.
ఈసారి ఊగుకు పదకొండు నిమిషాలు కాదు, ఇరవై రెండు.
టక్కుకూ టక్కుకూ నడుమ
పక్కింట్ల పంజా దెబ్బలు లెక్కవెట్టిన,
నడుమల మర్చిపోయిన.

కొత్త మూడంకెలను కాక
సుద్దముక్కతోని గోడ మీద రాసిండు,
కూలోళ్ళ పైసల లెక్క కింద.
అంకె తెల్వదన్నోడు.

మచ్చల నూలుతోని ఒక చిన్న జంపఖానా నేసిండు.
ఇప్పుడు నేను కూసునేది దాని మీదనే.

"చలికాలం నీళ్ళు ఇంకింత సల్లగొస్తయి గద, అప్పుడు?"
"మళ్ళ నేర్పాలె కాకా."
"నేర్పుదాం తియ్యి."
అనుకుంటనే ముంజేయి ఆవిరి మీద వెట్టి
కాగు దిక్కు చెవి వంచిండు.