చెమట పట్టని పది రోజులు

చిన్నప్పుడు బూరెల మూకుట్లోంచి ఎగిరిన నూనె చుక్క
ఎడమ కనుబొమని సగం తినేసింది.
నలభై మూడేళ్లొచ్చినా రోజూ పొద్దున్నే
ఆ సగాన్ని కాటుక పెన్సిలు దగ్గర అప్పు తెచ్చుకునేదాన్ని.
మధ్యాహ్నానికల్లా కువైట్ ఎండ వసూలు చేసుకునేది.

మొన్న జీతాల రోజున ఫహాహీల్‌లో
రెండో అంతస్తు పార్లరులో మారిసెల్ అనే పిల్ల
సన్న సూదితో గీతా గీతా నాటింది,
వరి ఊడ్చినట్టే, ఎడం చూసి చూసి.
నేను లేచి కూర్చున్నాక
మా ఇద్దరికీ సరిగా రాని అరబ్బీలో చెప్పింది:
పది రోజులు చెమట పట్టకూడదు.

నవ్వొచ్చింది. నవ్వితే మండింది, ఆపేశాను.
ఆగస్టులో, ఈ దేశంలో,
చెమట పట్టకూడదట!

పోనీ కుదురుగా కూర్చునే మనిషినా?
పెద్దామె లేచేలోగా, తెల్లారగట్ట నాలుగింటికి
సముద్రం గట్టున మూడు కిలోమీటర్లు పరిగెత్తేదాన్ని.
షుగరు డాక్టరు నడవమన్నాడు గానీ
నడక నాకు ఆనలేదు.
రోజు మొత్తమ్మీద
నన్నెవరూ పిలవని ముప్పావు గంట అదొక్కటే.

ఉప్పునీరు రంగుని లాక్కుపోతుందంది మారిసెల్.
పచ్చి మీద చెమట దిగితే చీము పడుతుందంది.
బరువులొద్దు, తల కిందికి వంచొద్దు,
ఈత మాట నెల దాకా ఎత్తొద్దు.
తడైతే తుడవకు, అద్దు.

మొదటి రోజు
గుమ్మం దగ్గర బూట్లు
అన్నం పెట్టని కుక్కపిల్లల్లా చూశాయి.

మా పెద్దామె ఉమ్ సాలెం.
తుంటి కీలు మార్చి ఐదు వారాలు.
రోజుకి పది చుట్లు నడవాలి,
నాలుగు కాళ్ల ఫ్రేము పట్టుకుని
సోఫా నుంచి కిటికీకి, కిటికీ నుంచి సోఫాకి.
ఇదివరకు నేను వెనక చేతులు చాపి నిలబడి
గడియారం చూసుకుంటూ ఉండేదాన్ని.
ఇప్పుడు పక్కన నడుస్తున్నాను.
ఏసీ ఇరవై రెండులో.
ఇద్దరు రోగులం.

"శ్వై శ్వై" అంటుంది, తనకో నాకో.
అడుగు వేసే ముందు
ఆ చోటుని ఒకసారి చూస్తుంది.
నా అడుగుని నేనెన్నడూ చూసుకున్న పాపాన పోలేదు.

నాలుగో రోజుకి నా కనుబొమలు
పగటివేషగాడి బొమల్లా బొగ్గు నలుపు.
ఆమె ఫ్రేము ఆపి, పళ్లులేని నోటితో నవ్వీ నవ్వీ
ఏడో చుట్టు ఎగ్గొట్టింది.

ఆరో రోజు పొట్టు లేచింది. ఒకటే దురద.
గోరు పైకెళ్లింది.
"లా!" అని మణికట్టు మీద ఒక్కటిచ్చింది.
ఆ మీదట తన బొమ చూపించింది,
పెళ్లికి ముందెవరో పొడిచిన పచ్చ,
నీలం తిరిగి బూడిదైపోయిన గీత,
మధ్యలో గోకిన చోట మినప్పప్పంత ఖాళీ.
నా వేలు పట్టుకుని అక్కడ పెట్టింది.
అరవై ఏళ్ల దురద అది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది.
పావుగంటలో గోడలు ఊపిరి వదిలాయి.
నుదుటి మీద ఒక చుక్క బయల్దేరి
జారుతోంది, నా చేతుల్లో ఆమె బరువు,
వదల్లేను.
ఆమె ఒక చేత్తో ఫ్రేము వదిలి
జేబులోంచి కాగితం రుమాలు తీసి
బొమకి పైనే చుక్కని ఆపింది.
అద్దింది. తుడవలేదు.
ఆమెకెవరు చెప్పారు?

ఇవాళ పదకొండు.
పొట్టు రాలాక ఎడమ బొమలో సగం కనపడటం లేదు.
నెల తిరిగేసరికి పైకి తేలుతుందట, చూడాలి.
నుదుటికి నూలుగుడ్డ కట్టుకుని
నాలుగింటికి గట్టు మీదికెళ్లాను.
చీకట్లో సముద్రం ఉడుకు గంజిలా ఉంది.
కాసేపు నడక, కాసేపు పరుగు,
అదీ పైటలాగా అటూ ఇటూ సర్దుకుంటూ.

కిలోమీటరున్నరకే వెనక్కి తిరిగాను.
కాళ్లు నొప్పెట్టి కాదు.
ఆరింటికి ఆమె మొదటి చుట్టు.