తొందర కాళ్లు

ఆత్మకూరు తొవ్వల ఇటుకబట్టీకి మన్ను తీసిన గుంత.
దాంట్ల ఆవాలు చల్లినట్టు తోకకప్పలు.

వాన మొకం చాటేసింది.
మోకాల్లోతు నీళ్లు జానెడైనయి,
జానెడు బెత్తెడైంది.
నీళ్లు తగ్గినకొద్దీ
వాటికి కాళ్లు మొలుస్తున్నయి,
తినాల్సిన నాచు తినకముందే.

మూడువారాలకే గట్టెక్కినయి,
ఒక్కోటి జొన్నగింజంత.
ఒకదాన్ని గండుచీమ ఈడ్చుకపోతుంటే చూసిన.

ఊకచెట్టు వాగు మడుగుల పుట్టినవి మాత్రం
ఇంకా తోకలూపుకుంట తిరుగుతున్నయి.
నెల దాటినంక వస్తయి నింపాదిగ,
చింతగింజంతై,
దూకితే జానెడు దూరం.

"రెండూ గోదురుకప్పలే, నీళ్లే వేరు"
అన్నడు ఆశన్న సారు.
నన్ను జూసి అనలే, గుంతను జూసే అన్నడు.

ఆరో తరగతి నడుమల
నన్ను సీడుపత్తి చేన్లకు తోలిండ్రు.
పువ్వుకు పువ్వు రుద్దెతందుకు
చిన్న చేతులే కావాల్నట.
హాస్టల్ల సదివిన మా తమ్ముని పాత అంగీ
ఇయ్యాల్టికీ నాకు వదులే.

పొద్దుగూకింది. మొగులు లేదు.
బోరింగు కాడికి పోయి
బిందెడు నీళ్లు తెచ్చి గుంతల పోసిన,
ఇంకో బిందె తెచ్చిన.

కాళ్లు రానివి
ఇంకా కొన్ని ఉన్నయి అండ్ల.