ఎర్రతాడు

సభ జరిగిన మర్నాడు మాకు పనెక్కువ.
తెల్లారేసరికి కొట్టం ముందు ఉన్ని బట్టల గుట్ట,
పైబట్ట పైబట్టకీ ఒక ఎర్రచార.

అంగట్లో చేపల బేరం తెమలని వాళ్ళను
సిథియా బంట్లు ఆ కొసొకడు ఈ కొసొకడు పట్టుకుని
ఎర్రమన్నులో ముంచిన తాడుతో
ప్నిక్స్ కొండ మీదికి తోలతారు,
గొర్రెల్ని దొడ్లోకి తోలినట్టే.
తోలేవాళ్ళు బానిసలు.
తోలించుకునేవాళ్ళు ఏథెన్సుకు ఏలికలు.
ఇందులో నవ్వెక్కడుందో
నాకొక్కదానికే కనబడుతుందేమో మరి.

చార వీపున ఉంటే బద్ధకస్తుడు,
పక్కన ఉంటే సందులోకి జారబోయినవాడు.
ఆలస్యానికి మూడు ఒబోలుల భత్యం పోతుంది,
ఉతికినందుకు ఇంకొకటి.
అది మా యజమాని సంచిలోకి.

సభకు ముందు పాలు విడవని పందిపిల్లను కోసి
కూర్చునే చోటు చుట్టూ తిప్పుతారట,
నెత్తురు గీతకు లోపలిదంతా శుద్ధి.
పందిపిల్లకైనా ఒక ప్రదక్షిణ దక్కింది.
పదకొండేళ్ళుగా నేను కొండను కిందనుంచే చూస్తున్నాను.
వాళ్ళ మైల నెత్తుటితో పోతుంది,
వాళ్ళ బట్టల మైల
వీధి మలుపుల్లో కుండలకెత్తిన ఉచ్చతో,
కిమోలోస్ దీవి సుద్దతో,
నా మడమలతో.
ఏ దేవత ఏది మెచ్చుతుందో!

నిన్న ఫైనిప్పోస్ తన పైబట్ట తానే తెచ్చాడు,
నవ్వుకుంటూ.
"తాడు తగిలి లోపల పడ్డాను.
ఏమడిగారో వినబడలేదు.
అందరూ చెయ్యెత్తారు, నేనూ ఎత్తాను."
"దేనికట?" అన్నాడు యజమాని, సుద్ద కొలుస్తూ.
"ఏదో త్రేసు తీరపు ఊరు. కప్పం ఎగ్గొట్టిందట.
నలభై ఓడలు."

ఊరి పేరు సగం పలికి,
నాలుక తిరగక వదిలేశాడు.
మిగతా సగం
నా నోట్లో ఉప్పుగల్లులా ఉండిపోయింది.

నన్నిక్కడ త్రాత్తా అంటారు, త్రేసుదానా అని.
అదే నా పేరనుకుంటారు.
మా అక్క బెండిదోరా నన్ను పిలిచే పేరు వేరు.
ఆ ఊళ్ళోనే ఉంటుంది,
ఉప్పుమడుల పక్కన మూడో ఇల్లు,
వాకిట్లో ఒంటికన్ను మేక.
మేక ఈపాటికి చచ్చే ఉంటుంది.
దాన్ని తీసేసి అక్కను తలుచుకోవడం నాకు చేతకాదు.

తొట్టిలోకి దిగాను.
నీళ్ళు ముందు లేతగా,
తొక్కేకొద్దీ చిక్కగా, ఎర్రబడ్డాయి.
మన్నే. కియోస్ నుంచి ఓడల్లో వచ్చే మన్నే,
నాకు తెలియంది కాదు.
అయినా మడమలు ఆగాయి.
"ఎండ పోతోందే!" అని యజమాని అరిచాడు.

చార పోయింది.
అంచు మడత లోపల
గోరంత ఉండిపోయింది.
కనబడక కాదు.

సాయంత్రం ఫైనిప్పోస్
పైబట్టను వెలుతురుకెత్తి చూసుకున్నాడు.
"కొత్తదాన్లా ఉంది," అన్నాడు.