ఇరవై నిమిషాలు

లెర్విక్ లైబ్రరీలో వెనక గది.
కిటికీ అవతల సముద్రం,
దానికి దరఖాస్తులతో పనిలేదు.

యెల్ దీవి నుంచి ఒక ఫెర్రీ, రెండు బస్సులు మారి వచ్చాడు
మాగ్నీ హాల్‌క్రో.
ఉన్ని జిడ్డు వదలని చేత్తో
మౌస్ పట్టుకున్నాడు,
అప్పుడే ఈనిన గొర్రెపిల్లను పట్టుకున్నట్టు.

"పరీక్ష మీకు కాదు, మా ఫారానికి"
అన్నాను అలవాటుగా.
తలూపాడు. నమ్మలేదు.

అంత్యక్రియల ఖర్చుకు సాయం అడిగే ఫారం.
మొదటి పేజీ నాకంటే ముందువాళ్లు రాసింది:
దిగువ పేర్కొనబడిన పత్రములు సమర్పించబడవలెను.
అసంపూర్ణ దరఖాస్తులు తిరస్కరించబడును.
పేర్కొన్నదెవరు? తిరస్కరించేదెవరు?
వాక్యం తలుపు తడితే లోపల ఎవరూ లేరు.
ఇన్ని 'బడు'ల మధ్య
పడేది మాత్రం ఒక్కడే.

రెండో పేజీ నాది.
దాచుకోను, ఆ పేజీ అంటే నాకు గర్వం.
పెద్ద అక్షరాలు, పొట్టి వాక్యాలు.
'మృతులతో దరఖాస్తుదారు బంధుత్వము' కొట్టేసి
'చనిపోయినవారు మీకు ఏమవుతారు?'
అని పెట్టింది నేనే.

పైకి చదివాడు మాగ్నీ.
"ఏమవుతారు, అంటే ఇప్పుడా?"

నా పెన్ను ఆగింది.
అతనే ఒక్కో అక్షరం వెతుక్కుని
భార్య అని కొట్టాడు.

తర్వాత తేదీ. మూడు గడులు.
రోజు వేశాడు.
నెల వేశాడు.
సంవత్సరం దగ్గర చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.
నోట్‌బుక్‌లో రాసుకున్నాను:
'మూడో గడి పేరు సరిగా కనపడటం లేదేమో?'
ఎంత తెలివితక్కువ ప్రశ్నో
వేయాల్సింది ఈ ఏడేనని గుర్తొచ్చాక తెలిసింది.

ఫెర్రీ కూత వేసింది.
అప్పుడే తెర తెల్లబడింది:
మీ సమయం ముగిసింది.
రోజు పోయింది, నెల పోయింది,
భార్య అన్న మాటా పోయింది.

"నేనే ఏదో తప్పు నొక్కుంటాను"
అన్నాడు, టోపీ వెతుక్కుంటూ.

ఇరవై నిమిషాల గడువు భద్రత కోసమట.
ఎవరి భద్రత అని అడిగాను.
నాలుగు నెలలు అడిగాను,
ఎడిన్‌బరో ఆఫీసులో, ఫోన్లలో,
కాఫీ చల్లారిపోయిన సమావేశాల్లో,
టావిష్ నన్ను చూసి లిఫ్టు వదిలి మెట్లెక్కేదాకా.

ఇప్పుడు అక్కడ ఇలా ఉంటుంది:
తొందరేం లేదు.
మీరు రాసింది దాచి ఉంచాం.
ఆగిన చోటు నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇది రాసిందెవరని ఎవరూ అడగరు.
అడగకపోతేనే బాగా రాసినట్టు.
'ఏమవుతారు' మాత్రం అలాగే ఉంది.
అంతకన్నా మంచి మాట నాకింకా దొరకలేదు.

నా దగ్గర పేర్లుండవు, లెక్కలే ఉంటాయి.
నిన్న చూశాను:
రాత్రి మూడింటికి ఎవరో
మూడో గడి దగ్గర ఆగిపోయారు.
తొమ్మిది రోజులకి తిరిగొచ్చి
నాలుగంకెలు వేశారు.