స్లోలో నిలబడదు

అరవైలో మీగడ మీద వేలు జారినట్టు పోతుందట.
సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఆగితేనే
ఒళ్ళంతా వణుకు.
గేరు రాడ్డుకి చలిజ్వరం,
ముందద్దంలో అవతలి నరసాపురం రెండుగా కనబడుతుందట.

"ప్లగ్గులు మార్పించాను. పెట్రోలు బంకు మార్చాను.
మలికిపురంలో ఒకడు కార్బురేటరు విప్పి కడిగాడు,
రెండు వేలు" అన్నాడు ఆరెంపీ జోజిబాబు.
బంపరుకి నిమ్మకాయలు కూడా కట్టించాడు.
అది చెప్పలేదు, నేనే చూశాను.

నేను ముందే ఏదీ విప్పను.
పొద్దున్నే ఎక్కువా, వేడెక్కాకా?
లైట్లు వేస్తే పెరుగుతుందా?
"నేను రోగినడిగేవన్నీ నన్నడుగుతున్నావేంట్రా!"
అని నవ్వి, బుద్ధిగా జవాబులు చెప్పాడు.

ఒక్కో ప్లగ్గు వైరూ పీకాను.
మొదటిది పీకితే ఇంజను కుంగింది. మంచిదే.
రెండోదానికీ కుంగింది.
మూడోదానికీ.
మూడూ బతికే ఉన్నాయి, మూడూ అరకొరగా.
అంటే దొంగ లోపల లేడు.
లెక్కలో లేని గాలేదో
దొడ్డిదారిన దూరుతోంది.
పరుగులో అంత గాలి మింగేటప్పుడు
ఈ గుక్కెడు తెలీదు.
కూర్చున్నప్పుడే తెలుస్తుంది.

రేవులో ఈదర హోరు, పంటు ఇంజను డుబడుబ.
చెవికి ఏమీ ఆనడం లేదు.
"ఆ స్టెతస్కోపు ఇలా ఇవ్వండి."
బిళ్ళ ఊడదీసి జేబులో వేసుకుని
ఉత్త గొట్టం కొసని
ఇంజను చుట్టూ చీమలా నడిపించాను.
కార్బురేటరు వెనక, చెయ్యి సరిగా దూరని చోట
స్స్స్...
పళ్ళూడిన ముసలమ్మ
వేడి టీ ఊదుకుంటున్నట్టు.

వేలుతో నొక్కాను.
నిద్రలో ఒత్తిగిలిన మనిషిలా
బండి సర్దుకుంది.
తీశాను, వణుకు.
నొక్కాను, నిమ్మళం.
"ఏదీ, నన్ను నొక్కనీ" అని
ఆయన మూడుసార్లు నొక్కాడు, నాలుగోసారి ఊరికే.

బెత్తెడు రబ్బరు గొట్టం.
ఉప్పుగాలికి బిరుసెక్కి వెంట్రుకంత పగులు.
అలాంటిది షాపులో లేదు, పంటేమో ఒడ్డుకి వచ్చేస్తోంది.
నూకరాజు సైకిలు ట్యూబు ముక్క చుట్టి
రాగితీగ బిగించాడు.
అవతలి ఒడ్డు దాకా చాలు, అక్కడ కొత్తది వేయించండి అన్నాను.

ఎంతివ్వమంటావన్నాడు.
వేలుతో నొక్కినదానికి
ఎంతని చెప్పను?
వరసలో బండి ఆగింది,
ఆగి, ఆగే ఉంది.

చీకటిపడ్డాక ఫోను.
వెనక ఎవరో చంటిపిల్ల దగ్గు.
"ఒరే, బిళ్ళ నీ దగ్గరే ఉండిపోయింది."
జేబు తడిమాను.
గ్రీజు చేతికి చల్లగా తగిలింది.
ఆఖరి పంటు వెళ్ళిపోయింది.